సైబరాబాద్‌ దారిలో ఖితార్‌

టోలీచౌకి నుంచి రాయదుర్గం వైపు పోయే దారిలో, షేక్‌పేట వద్ద, కుతుబ్‌షాహీల కాలం నాటి ఒక సరాయి ఉంది. గోల్కొండకు సరుకులు తెచ్చే వర్తకులు రాత్రి విడిది చేయడానికి అందులో గదులున్నాయి. గుర్రాలకూ ఒంటెలకూ శాలలున్నాయి. నమాజుకు మస్జిదు ఉంది. 2022లో తెరిచిన షేక్‌పేట ఫ్లైఓవర్‌ మీదుగా ఉదయం సాయంత్రం సాగిపోయే వేలాది ఉద్యోగులలో ఆ రాతిగోడలను గమనించేవారు బహు తక్కువ. గమనించినా, అక్కడ ఒకప్పుడు బిడారు ఒంటెలు మోకాళ్లు ముడిచి విశ్రమించేవని తలచేవారు ఇంకా తక్కువ.

ఒక ఒంటె ముకుతాడును దాని ముందున్న ఒంటెకు కట్టి, దానిని మరో ఒంటెకు కట్టి, మొత్తం వరుసను ముందున్న ఒకే మనిషి నడిపించే పద్ధతి ఉండేది. ఆ వరుసను అరబీలో ఖితార్‌ అంటారు. నేటి అరబీలో రైలుబండికి స్థిరపడిన పేరు కూడా ఇదే. ఫిఖ్‌హ్‌ గ్రంథాలలో ఖితార్‌కు సంబంధించిన ధర్మసూత్రాలు వివరంగా ఉన్నాయి. హిదాయా పాఠంలో ఆ చోటికి వచ్చినప్పుడు మా విద్యార్థుల ముఖాలలో ఉత్సాహం తగ్గడం మేము ఏటా చూస్తూనే ఉన్నాము. పెళ్లి బరాతులో తప్ప ఒంటెను చూడని పిల్లలకు, ఒంటెల వరుసలో చివరిది ఎవరినైనా తొక్కితే నష్టం ఎవరు భరించాలన్న చర్చ దేనికి పనికివస్తుందన్నది వారి సందేహం. నిజానికి ఆ చర్చకు సజీవమైన ఉదాహరణ ఈ సరాయి దాటిన తరువాత నాలుగైదు కిలోమీటర్లలో, హైటెక్‌ సిటీ రోడ్ల మీద, ప్రతి రాత్రీ దొరుకుతున్నది.

మా విద్యార్థులలో ఒకరి తండ్రి టోయింగ్‌ బండి నడుపుతారు. దారిలో ఆగిపోయిన కార్లను తన బండి వీపు మీదికి ఎక్కించుకొని గ్యారేజీకి చేర్చడం ఆయన వృత్తి. ఇల్లు పాతబస్తీలో, సంపాదన అంతా సైబరాబాద్‌లో. గురువారం జుహర్‌ తరువాత మద్రసాకు సెలవు గనుక, ఆయన పిలుపు మీద ఒక గురువారం ఆ బండి క్యాబిన్‌లో కూర్చుని మెహిదీపట్నం మీదుగా పడమటికి బయలుదేరాము. అల్లాహ్‌ దయ వల్ల, పుస్తకాలలో చదివి చెప్పే కొన్ని విషయాలను ఆ పూట రోడ్డు మీద నిలబడి చూడగలిగాము.

మా బాల్యంలో మాదాపూర్‌ అంటే గుట్టలు, గుండ్లు, సీతాఫలం పొదలు. దుర్గం చెరువు అంటే గోల్కొండ కోటకు మంచినీరు ఇచ్చిన చెరువని పెద్దలు చెప్పేవారు. 1998 నవంబరులో ప్రధాని వాజ్‌పేయి సైబర్‌ టవర్స్‌ను ప్రారంభించిన నాటి నుంచి ఆ గుట్టలు ఒక్కొక్కటిగా కరిగిపోయాయి. 2019లో మెట్రో రాయదుర్గం దాకా వచ్చింది. 2020లో దుర్గం చెరువు మీద తీగల వంతెన లేచింది. గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ, కోకాపేట వరుసగా అద్దాల మేడలతో నిండిపోయాయి. నగరం చుట్టూ 158 కిలోమీటర్ల అవుటర్‌ రింగ్‌ రోడ్డు ఈ ప్రాంతాన్ని తాకుతూ పోతుంది. ఇంత వైభవంలోనూ మాకు ముచ్చటగా అనిపించినది ఖాజాగూడ వద్ద ఇంకా మిగిలి ఉన్న కొన్ని గుండ్లే. ఒకదాని మీద ఒకటి ఏ ఆధారమూ లేనట్లు నిలిచి ఉన్న ఆ రాళ్లను చూస్తే, సృష్టికర్త కట్టిన కట్టుకు పట్టీలు అక్కరలేదు కదా అనిపిస్తుంది.

మనిషి కట్టే కట్టుకు మాత్రం పట్టీలు కావాలి. డ్రైవర్‌ భాయి బండిలో అవి డజనుకు పైగా ఉన్నాయి. వెడల్పాటి పసుపుపచ్చ పట్టీలు, వాటిని పళ్లు పళ్లుగా బిగించే ఇనుప చిలకలు, ముందువైపు ఉక్కుతాడు చుట్టిన వించి, చక్రాల కింద పెట్టే చెక్క దిమ్మెలు, చక్రం తిరగని బండిని జరపడానికి చిన్న ట్రాలీలు. అసరు నమాజు రాయదుర్గం పాత ఊరిలోని ఒక మస్జిదులో చేశాము. మా సఫ్‌లో భవన నిర్మాణ కూలీలు, సెక్యూరిటీ యూనిఫారాలలోని యువకులు, మెడలో కంపెనీ కార్డులు వేలాడుతున్న ఇంజనీర్లు భుజం భుజం కలిపి నిలబడ్డారు. నమాజు ముగిసిన కొద్దిసేపటికే డ్రైవర్‌ భాయి ఫోను మోగింది.

నానక్‌రామ్‌గూడ దగ్గర, అవుటర్‌ రింగ్‌ రోడ్డు పక్క సర్వీసు రోడ్డు మీద, ఒక పెద్ద ఎస్‌యూవీ ఆగిపోయి ఉంది. మేము చేరేసరికి అక్కడ నలుగురైదుగురు గుమిగూడి ఉన్నారు. నీళ్ల ట్యాంకరు డ్రైవరొకరు సహాయబుద్ధితో తన బండికి నైలాను తాడు కట్టి, రెండో కొసను కారు ముందరి కొక్కేనికి ముడివేస్తున్నారు. కారు యజమాని స్టీరింగు ముందు కూర్చున్నారు. వెనుక సీటులో ఆయన భార్య, ఇద్దరు పిల్లలు. మంచి మనసుతో చేస్తున్న ఆ ఏర్పాటులో ఒక కుటుంబం మొత్తం ఒక ముడి మీద ఆధారపడి ఉన్నదన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

డ్రైవర్‌ భాయి దిగగానే అన్న మొదటి మాట బండి గురించి కాదు. “సార్‌, ముందు అమ్మగారినీ పిల్లలనూ దించండి. ఆ రెయిలింగు అవతల నిలబెట్టండి” అన్నారు. తరువాత కారు వెనుకకు వెళ్లి, డిక్కీ తలుపు మీది చిన్న అక్షరాలను చదివారు. అది నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే బండి. గేర్లు తమంతట తామే మారే రకం. “దీన్ని తాడుతో లాగకూడదు. ముందు చక్రాలు ఎత్తి కూడా లాగకూడదు. నాలుగు చక్రాలూ నేల విడవాలి” అని తేల్చి చెప్పారు.

యజమాని గుంటూరు జిల్లా వాసి. మర్యాదస్థుడు, కానీ అంత తేలికగా ఒప్పుకునే మనిషి కాదు. “అన్నా, నేను తొమ్మిదేళ్లు అమెరికాలో ఉండి వచ్చాను. అక్కడ మోటారు హోమ్‌ల వెనుక జీపులను నాలుగు చక్రాలూ నేల మీదే ఉంచి వందల మైళ్లు లాక్కుపోతారు. అవీ నాలుగు చక్రాల బండ్లే. నా బండిని రెండు కిలోమీటర్లు లాగితే కొంప మునుగుతుందా?” అని అడిగారు.

ప్రశ్న సమంజసమైనదే. మోటారు హోమ్‌ అంటే బస్సంత బండిలో వంటిల్లు, పడకలు, స్నానాల గది అమర్చిన కదిలే ఇల్లు. అమెరికాలో స్థిరపడిన మన తెలుగు కుటుంబాలు కూడా సెలవులలో దానిని అద్దెకు తీసుకొని పిల్లలతో జాతీయ వనాలు చూడబోతాయి. సొంతంగా మోటారు హోమ్‌ ఉన్నవారు, గమ్యం చేరాక ఇరుకు దారులలో తిరగడానికి ఒక చిన్న బండిని వెనుక తగిలించుకుంటారు. డ్రైవర్‌ భాయి మోటారు హోమ్‌ను ఎన్నడూ చూసినవారు కారు. అయినా జవాబు మాత్రం వెంటనే చెప్పారు: “ఆ జీపులో గేరు కడ్డీ పక్కన ఇంకో చిన్న కడ్డీ ఉంటుంది సార్‌. మన థార్‌లో ఉన్నట్టు, పాత జిప్సీలో ఉన్నట్టు. దాన్ని న్యూట్రల్‌లో వేస్తే చక్రాలు వేరు, గేరుబాక్సు వేరు. మీ బండిలో ఆ కడ్డీ ఏది?”

యజమాని ఒక క్షణం ఆలోచించి నవ్వేశారు. ఆ కడ్డీ ఆయన బండిలో లేదు.

ఇక్కడ విషయం కొంత వివరంగా చెప్పుకోవడం అవసరం. ఎందుకంటే ఇప్పుడు మన ఇళ్లలోనూ ఇటువంటి బండ్లు పెరుగుతున్నాయి. మామూలు కారులో ఇంజను బలం రెండు చక్రాలకే అందుతుంది. ఆ రెండింటినీ పైకెత్తితే మిగిలిన రెండూ స్వేచ్ఛగా తిరుగుతాయి. నాలుగు చక్రాలకూ బలం పంచే బండిలో ముందు వెనుకల మధ్య ఇరుసులు, పళ్ల చక్రాలు, పట్టు కుదిర్చే కప్లింగు ఉంటాయి. రెండు చక్రాలు గాలిలో ఉండి రెండు నేల మీద పరుగెత్తితే, ఆ కప్లింగు రెండు వేర్వేరు వేగాల మధ్య నలిగి వేడెక్కుతుంది. పైగా ఆటోమేటిక్‌ గేరుబాక్సులో నూనెను తిప్పే పంపు సాధారణంగా ఇంజనుతోనే నడుస్తుంది. ఇంజను ఆగి ఉండగా చక్రాలు తిరిగితే లోపలి భాగాలు తగినంత నూనె లేకుండా ఒరుసుకుంటాయి. పైకి ఏమీ కనబడదు. గ్యారేజీకి చేరిన తరువాత, చిన్న మరమ్మతుతో పోయే బండికి గేరుబాక్సు మార్చవలసి వస్తుంది. విద్యుత్‌ కార్ల సంగతీ ఇంతే. చక్రం తిరిగితే మోటారు తనంతట తాను కరెంటు పుట్టిస్తుంది గనుక వాటిని వీపున మోయడమే సురక్షితం.

థార్‌ వంటి బండ్లలో ట్రాన్స్‌ఫర్‌ కేసు అనే రెండో పెట్టె ఉంటుంది. అందులో న్యూట్రల్‌ స్థానం ఉన్నప్పుడు చక్రాలకూ గేరుబాక్సుకూ సంబంధం తెగిపోతుంది. అమెరికాలో మోటారు హోమ్‌ల వెనుక జీప్‌ రాంగ్లర్‌ అంతగా కనబడడానికి కారణం ఇదే. ఆ యజమాని తన పొరుగింటి అమెరికను దంపతులు చేసే తతంగాన్ని పలుమార్లు చూశారట. బండిని పైకెక్కించే పని సాగుతుండగా, ఆయన చెప్పిన వివరాలను మేము శ్రద్ధగా విన్నాము. పెద్దాయన రాంగ్లర్‌ గేరును పార్క్‌లో ఉంచి, ట్రాన్స్‌ఫర్‌ కేసును న్యూట్రల్‌లో వేసేవారు. అంతటితో నమ్మేవారు కాదు. ఇంజను నడుస్తుండగా గేరు వేసి బండి కదలడం లేదని రూఢి చేసుకొని, తిరిగి పార్క్‌లోకి తెచ్చి, అప్పుడు ఇంజను ఆపేవారు. స్టీరింగు తాళం పడకుండా చూసుకునేవారు.

తగిలించడానికి వారు తాడు వాడరు. జీపు చట్రానికి బిగించిన ఉక్కు పలక, దానికీ మోటారు హోమ్‌కూ మధ్య త్రికోణాకారపు ఉక్కు చట్రం. ఆ చట్రం నేలకు సమాంతరంగా ఉండాలి. ఏ కొస అయినా బాగా ఎత్తులో ఉంటే, సడన్‌ బ్రేకు వేసినప్పుడు వెనుక బండి ముందు బండి మీదికి ఎక్కడానికి లేదా కిందికి దూరడానికి చూస్తుంది. చట్రంతో పాటు రెండు గొలుసులను కింద గుణకారపు గుర్తు ఆకారంలో అడ్డంగా దాటించి కడతారు. చట్రం విరిగినా అది నేల మీద పడకుండా ఆ గొలుసుల ఊయలలో ఆగుతుంది. ముందు బండి బ్రేకు లైటు, మలుపు లైటు వెలిగినప్పుడే వెనుక బండివీ వెలిగేలా తీగ కలుపుతారు. వెనుక బండి బ్రేకును నొక్కే వేరే యంత్రం అమర్చుతారు. ఎందుకంటే పది టన్నులకు పైబడిన మోటారు హోమ్‌ ఆగాలనుకున్నప్పుడు, వెనుక రెండు టన్నుల జీపు ఇంకా ముందుకే తోస్తూ ఉంటుంది. అన్నిటికీ మించి ఒక సన్నని తీగ. రెండు బండ్లూ విడిపోతే ఆ తీగ లాగబడి, జీపు బ్రేకులు తమంతట తామే పడతాయి. ఇంత చేసిన తరువాత కూడా కొద్ది మైళ్లు పోగానే ఆగి, ప్రతి పిన్నునూ చేతితో తడిమి చూసేవారట. వెనక్కు నడపవలసి వస్తే మాత్రం జీపును విప్పవలసిందే. లేదంటే దాని ముందు చక్రాలు అడ్డం తిరిగి ఉక్కు చట్రం వంగిపోతుంది.

“మా ఆవిడ వీళ్ల చాదస్తం చూసి నవ్వేది సార్‌. ముసలాయన మాత్రం ప్రతిసారీ కాగితం చూసి ఒక్కొక్కటీ టిక్కు పెట్టేవాడు” అన్నారు ఆ సోదరుడు. మా దృష్టిలో అది చాదస్తం కాదు. ఒంటెను వదిలివేసి అల్లాహ్‌ మీద భారం వేయాలా, కట్టి భారం వేయాలా అని అడిగిన వ్యక్తికి, ముందు కట్టి తరువాత భారం వేయమని దైవప్రవక్త ముహమ్మద్‌ (సల్లల్లాహు అలైహి వ సల్లం) ఉపదేశించిన సంగతి హజ్రత్‌ అనస్‌ (రజి) ద్వారా తిర్మిజీ సంకలనంలో ఉన్నది. మన సభలలో ఆ హదీసును ఎంతో తరచుగా వింటాము. కట్టడం ఎలాగో తెలుసుకోవడం కూడా అందులో భాగమని మాత్రం తక్కువగా తలుస్తాము.

మేము నిలబడిన చోటు నుంచి చూస్తే ఆ అద్దాల మేడలు మాకు వేరుగా కనబడ్డాయి. గేరుబాక్సుల తయారీలో ప్రసిద్ధి చెందిన జర్మనీ సంస్థ జెడ్‌.ఎఫ్‌. సాంకేతిక కేంద్రం 2017లో ఈ నానక్‌రామ్‌గూడ ప్రాంతంలోనే ప్రారంభమైంది. జీప్‌ బండ్ల అప్పటి మాతృసంస్థ ఫియట్‌ క్రిస్లర్‌ తన అంతర్జాతీయ డిజిటల్‌ కేంద్రాన్ని 15 కోట్ల డాలర్ల పెట్టుబడితో హైదరాబాదులో నెలకొల్పుతామని 2020 డిసెంబరులో ప్రకటించింది. ప్రపంచపు రోడ్ల మీద తిరిగే బండ్ల కోసం మన తెలుగు యువతీయువకులు పై అంతస్తులలో కూర్చుని ఆలోచిస్తున్నారు. కింది రోడ్డు మీద అదే గేరుబాక్సు ఒక నైలాను తాడుకు బలి కాబోతుంటే ఆపినది ఎనిమిదో తరగతితో చదువు ఆపిన ఒక డ్రైవరు. ఇద్దరి విద్యా విద్యే. కానీ గౌరవం, జీతం ఒకవైపే పోవడం మాకు బాధ కలిగించింది.

కారు ఫ్లాట్‌బెడ్‌ మీదికి చేరింది. గేరు కడ్డీ దగ్గరి చిన్న మూత తీసి, లోపలి మీటను నొక్కి న్యూట్రల్‌లోకి తెచ్చారు. వాలుగా దించిన పలక మీదికి వించి తాడు చీమనడకన లాగింది. నాలుగు చక్రాలకు నాలుగు పట్టీలు, వాటి వెనుక దిమ్మెలు. ఆ కుటుంబం వేరే క్యాబ్‌ పిలిపించుకొని వెళ్లింది. యజమాని మాతో క్యాబిన్‌లోనే కూర్చున్నారు.

దారిలో డ్రైవర్‌ భాయి అడిగారు: “మౌలానా సాబ్‌, ఇప్పుడు పట్టీ తెగి సారు బండి పడిపోతే షరీఅత్‌ ప్రకారం నష్టం ఎవరిది?”

ఆయన అడిగిన ప్రశ్నకు దాదాపు వెయ్యేళ్ల కిందటే జవాబు వ్రాసి ఉంది. హిజ్రీ 428లో బాగ్దాదులో పరమపదించిన ఇమామ్‌ ఖుదూరీ తన గ్రంథంలో, అందరికీ పని చేసిపెట్టే వృత్తిదారుని బాధ్యతను చర్చించారు. తన పనితో సంబంధం లేకుండా అతని వద్ద సొమ్ము నశిస్తే ఇమామ్‌ అబూ హనీఫా (రహ్మ) దృష్టిలో అతడు నష్టపరిహారం ఇవ్వనక్కరలేదు. అది అతని చేతిలో అమానతు. ఆయన శిష్యులిద్దరూ, ఇమామ్‌ అబూ యూసుఫ్‌, ఇమామ్‌ ముహమ్మద్‌ (రహ్మ), తప్పించుకోవడానికి వీలులేని ఉపద్రవం అయితే తప్ప ఇవ్వాలంటారు. కానీ అతని పని వల్లనే నష్టం జరిగితే ముగ్గురి మాటా ఒకటే: పరిహారం అతనిదే. ఇమామ్‌ జుఫర్‌, ఇమామ్‌ షాఫిఈ (రహ్మ) ఇందులో భిన్నాభిప్రాయం చూపారు. అది వేరే చర్చ. మమ్మల్ని ఆశ్చర్యపరిచేది ఖుదూరీ ఇచ్చిన ఉదాహరణలు. బట్టను బాదుతూ చింపిన చాకలి, జారిపడిన కూలీ, బరువును కట్టిన తాడు తెగిపోవడం, లాగుతుండగా పడవ మునిగిపోవడం. తాడు తెగడం, లాగడం, రెండూ అందులో ఉన్నాయి. పాఠం చెప్పేటప్పుడు ఎన్నో ఏళ్లుగా దాటిపోయే ఈ మాటలు ఆ క్యాబిన్‌లో కూర్చున్నప్పుడు కొత్త బరువుతో వినిపించాయి.

దాని వెంటనే ఒక మినహాయింపు ఉంది. ఆ పడవలో మునిగిన, ఆ వాహనం నుంచి పడిన మనుషుల ప్రాణాలకు ఈ అద్దె ఒప్పందం కింద పరిహారం లేదు. తొలిసారి విన్నవారికి ఇది కఠినంగా తోస్తుంది. కారణాన్ని హిదాయా కర్త ఇమామ్‌ మర్గీనానీ (రహ్మ) వివరించారు. మనిషి సరుకు కాదు. అతని ప్రాణం ఒప్పందంతో హామీ ఇవ్వదగిన వస్తువు కాదు. దాని లెక్క నేరాలకు, రక్తపరిహారానికి సంబంధించిన అధ్యాయంలో వేరుగా తేలుతుంది. ఈ మాట చెప్పగానే డ్రైవర్‌ భాయి, “అందుకే మౌలానా, లాగే బండిలో పిల్లలుంటే నేను తాళం చెవి ముట్టను” అన్నారు. ఆయన ఖుదూరీ చదవలేదు.

ఖితార్‌ సంగతి ఆ రెండో అధ్యాయంలోనిదే. ఒంటెల వరుసను ముందుండి నడిపేవాడు ఆ వరుసలోని ఏ ఒంటె ఎవరిని తొక్కినా బాధ్యుడు. వెనుక నుంచి తోలే మరో మనిషి ఉంటే బాధ్యత ఇద్దరిదీ. ఇంకా సూక్ష్మమైన విషయం ఒకటి ఉంది. నడిపేవానికి తెలియకుండా ఎవరో ఒక ఒంటెను తెచ్చి వరుస చివర కట్టారు. ఆ ఒంటె ఒక మనిషిని తొక్కి చంపింది. అప్పుడు కూడా రక్తపరిహారం మొదట నడిపేవాని ఆఖిలా మీదనే పడుతుంది. ఆఖిలా అంటే అతని పక్షాన పరిహారం పంచుకొని చెల్లించే బృందం. తరువాత వారు కట్టినవాని ఆఖిలా నుంచి ఆ మొత్తాన్ని రాబట్టుకుంటారు. నేటి వాహన బీమాను దీనితో పోల్చవచ్చునా అన్న విషయంపై ఉలమాలలో చర్చ ఉన్నది. మన ప్రస్తుత విషయానికి కావలసినది ఇంతే: వరుసను నడిపేవాడు, వెనుక ఏమి కట్టి ఉన్నదో నాకు తెలియదు అని తప్పించుకోలేడు. ఇనుప జీపైనా, ఒంటె అయినా, కడపటి కాలికి కూడా ముందువాడే జవాబుదారు. అమెరికా పెద్దాయన కాగితం మీద టిక్కులు పెట్టినది కూడా ఈ భయంతోనే గదా!

యజమాని ఇదంతా మౌనంగా విని, “మన దేశంలో చట్టం ఏమంటుంది?” అని అడిగారు. డ్రైవర్‌ భాయికి ఇది కంఠస్థం. 1989లో కేంద్రం వెలువరించిన రహదారి నియమాల ప్రకారం యంత్రం చెడిపోయిన బండిని, నిర్మాణం పూర్తికాని బండిని, నమోదైన ట్రెయిలరును, సైడ్‌కారును తప్ప వేరే బండిని లాగకూడదు. అంటే చక్కగా ఉన్న కారును సౌకర్యం కోసం వెనుక తగిలించుకొని పోయే అమెరికా పద్ధతికి అందులో చోటు లేదు. లాగబడే బండి స్టీరింగు ముందు లైసెన్సు ఉన్న డ్రైవరు కూర్చొని ఉండాలి, లేదా దాని ముందు చక్రాలు నేల విడిచి గట్టిగా ఆని ఉండాలి. రెండు బండ్ల మధ్య ఎడం 5 మీటర్లకు మించరాదు. తాడో గొలుసో ఇతరులకు స్పష్టంగా కనబడాలి. వెనుక తెల్లని పలక మీద కనీసం 75 మిల్లీమీటర్ల ఎత్తు నల్లని అక్షరాలతో ‘ఆన్‌ టో’ అని ఉండాలి. 2017లో వీటి స్థానంలో కొత్త నిబంధనలు వచ్చాయి. టోయింగ్‌కు వాటిలోనూ హద్దులున్నాయి. సాయంత్రపు రద్దీలో గచ్చిబౌలి కూడలి వద్ద రెండు బండ్ల మధ్య సన్నని తాడును గమనించక నడుమ దూరబోయే మోటారు సైకిలు యువకుని ఒక్కసారి ఊహించుకుంటే, ఆ 75 మిల్లీమీటర్ల అక్షరాల విలువ అర్థమవుతుంది.

మన గృహిణులకు, యువకులకు పనికివచ్చే కొన్ని సంగతులు ఆయన నోటి నుంచి విన్నవి ఇక్కడ చేరుస్తున్నాము. బండి ఆగిపోతే వీలైనంత ఎడమకు తీసి, నాలుగు సూచిక దీపాలూ వెలిగించి, ఎర్రని త్రికోణాన్ని చాలా వెనుకగా పెట్టాలి. అందరూ దిగి రోడ్డు అంచు కంచె అవతల నిలబడాలి. బండికీ బండికీ మధ్య మాత్రం ఒక్క క్షణం కూడా నిలబడకూడదు. టోయింగ్‌ వారికి ఫోను చేసినప్పుడు బండి పేరు చెబితే చాలదు. నాలుగు చక్రాలదా, ఆటోమేటికా, విద్యుత్‌దా అన్నది ముందే చెప్పి, ఫ్లాట్‌బెడ్‌ బండినే పంపమనాలి. బండితో వచ్చిన పుస్తకంలో టోయింగ్‌ గురించి ఒక పుట ఉంటుంది. ఇంట్లో తీరికగా ఉన్నప్పుడే దానిని చదివి పెట్టుకోవాలి. చాలా కార్లలో లాగే కొక్కెం డిక్కీలో పనిముట్ల పక్కన విడిగా ఉంటుంది. బంపరుపై చిన్న మూత తీసి దానిని బిగించాలి. సస్పెన్షను కడ్డీలకు తాడు వేయడం ప్రమాదకరం. తాడు బిగిసినప్పుడు ఎవరూ దగ్గర ఉండకూడదు, తెగిన తాడు కొరడా కన్నా వేగంగా తిరిగివస్తుంది. ఇంజను ఆగిన బండిలో బ్రేకు రెండు మూడు తొక్కుల తరువాత రాయిలా బిగుసుకుపోతుంది, స్టీరింగు బరువెక్కుతుంది. కాబట్టి తప్పనిసరై తాడుతో లాగవలసివచ్చినా కొత్తగా నేర్చిన పిల్లవానిని ఆ సీటులో కూర్చోబెట్టరాదు. జాతీయ రహదారుల మీదైతే సహాయానికి 1033 నంబరు ఉంది.

డబ్బు విషయం కూడా చెప్పాలి. తాడుకు ఖర్చు లేదు, ఫ్లాట్‌బెడ్‌కు వేలల్లో అవుతుంది. బీమా పాలసీలో రోడ్డు సహాయం చేర్చుకున్నవారికి ఆ భారం తగ్గుతుంది. ఆ పాలసీ కాగితం ఎక్కడుందో ఇంట్లో భార్యాభర్తలిద్దరికీ తెలిసి ఉండాలి. కష్టంలో ఉన్నవానిని చూసి రేటు రెండింతలు చేసేవారు ఈ వృత్తిలో ఉన్నారని డ్రైవర్‌ భాయే ఒప్పుకున్నారు. ఆయన మాత్రం బండి ఎక్కించే ముందే కిరాయి చెబుతారు, కారు నలువైపులా ఫోటోలు తీసి యజమానికి పంపుతారు. దారిలో గీత పడిందన్న తగవు రాకుండా అది ఇద్దరికీ రక్ష. కిరాయి ముందే తేల్చుకోవాలని ఫిఖ్‌హ్‌లో ఇజారా అధ్యాయం తొలి పాఠంలోనే మేము పిల్లలకు చెబుతాము.

వాహనం ఎక్కినప్పుడు చదివే దుఆ సూరా జుఖ్‌రుఫ్‌లోనిది. దానిని మన వాళ్లు కారు అద్దాల మీద అందంగా అంటించుకుంటారు. దీనిని మాకు వశపరచినవాడు పరిశుద్ధుడు, మా అంతట మేము దీనిని అదుపు చేయగలిగేవారము కాము అన్నది దాని భావం. అదుపు చేయగలవారు అనే అర్థంలో అక్కడ వచ్చిన ముఖ్రినీన్‌ అనే పదం ఏ ధాతువు నుంచి పుట్టిందో, రెండు ఒంటెలను జతకట్టే తాడుకు అరబీలో ఉన్న ఖరన్‌ అనే పేరు కూడా ఆ ధాతువు నుంచే పుట్టింది. ఈ సంగతి చెప్పినప్పుడు గుంటూరు సోదరుడు ఆ పదాన్ని రెండుసార్లు పలికించుకొని విన్నారు.

నానక్‌రామ్‌గూడ నుంచి కిలోమీటరు దూరం కూడా రాకముందే డ్రైవర్‌ భాయి బండిని ఎడమకు తీసి ఆపారు. ఏమైందని యజమాని కంగారుపడ్డారు. ఏమీ కాలేదు. బయలుదేరిన కొద్దిసేపటికి పట్టీలు సాగుతాయి గనుక ఒకసారి చూసుకోవడం ఆయన అలవాటు. దీపం పట్టుకొని నాలుగు చక్రాల చుట్టూ తిరిగారు. వెనుక కుడి చక్రం పట్టీ ఒక పన్ను మేర సడలి ఉంది. చిలకను బిగించి, పట్టీని అరచేతితో రెండుసార్లు తట్టి చూసి, బిస్మిల్లాహ్‌ అంటూ వచ్చి కూర్చున్నారు. మేము కొండాపూర్‌లోని గ్యారేజీకి చేరేసరికి ఇషా అజాను వినబడుతున్నది.